గంధకం, బురద, సూక్ష్మ మూలకాలు: భూరసాయన పరిశోధన గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, తిరుపతి, విశాఖ వైపు నుంచి ఎమ్మెస్సీ పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, అప్పుడప్పుడు రొయ్యల చెరువుల రైతులు నన్ను అడిగే ప్రశ్నలివి. చెన్నైలో ఉంటూ తీరప్రాంతపు బురదలో గంధకం, సూక్ష్మ మూలకాల (సీసం, రాగి లాంటి, చాలా కొద్ది పాళ్ళలో ఉండేవి) మీద పనిచేస్తున్నాను. అందుకని జవాబులన్నీ ఆ పని చుట్టూనే తిరుగుతాయి. కొన్నిటికి ఒక్క ముక్క చాలు, కొన్నిటికి చాలదు.

అసలు మీరు చేసే పని ఏమిటి?

నది, ఉప్పుటేరు, సరస్సు, సముద్రం అడుగున పేరుకునే ఒండ్రును అవక్షేపం అంటాం. అందులో ఏ మూలకం ఎంత ఉంది, ఏ రూపంలో ఉంది, ఎక్కడి నుంచి వచ్చింది, పరిస్థితి మారితే ఎటు పోతుంది అని తేల్చడమే నా పని. జియాలజీ, కెమిస్ట్రీ, కొంత మైక్రోబయాలజీ కలిస్తే ఈ శాస్త్రం. ఆధునిక భూరసాయన శాస్త్రానికి పునాది వేసిన విక్టర్ గోల్డ్‌ష్మిట్ మూలకాలను వాటి ఇష్టాయిష్టాలను బట్టి విడదీశాడు. ఇనుముతో పోయేవి, రాతితో ఉండేవి, గంధకాన్ని వెతుక్కునేవి, గాలిలో కలిసేవి. నేను మూడో గుంపు వెంట పడ్డాను. రాగి, సీసం, జింకు, కాడ్మియం, పాదరసం ఆ గుంపులోవే.

గంధకమే ఎందుకు? ఇనుము, కార్బన్ లాంటివి ఉన్నాయి కదా?

ఆ రెండింటినీ వదిలి గంధకం గురించి మాట్లాడలేం. గంధకం ఆక్సిజన్‌తో కలిసిన రూపం సల్ఫేట్. కిలో సముద్రపు నీటిలో అది దాదాపు 2.7 గ్రాములు ఉంటుంది. మంచినీటిలో ఉండేది దీని ముందు లెక్కలోకే రాదు. ఆకులు, నాచు, చచ్చిన జీవాలు సముద్రం అడుగుకు చేరినప్పుడు వాటిని తినే సూక్ష్మజీవులు ముందు ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. తీరపు బురదలో అది కొన్ని మిల్లీమీటర్ల లోతులోనే అయిపోతుంది. తరువాత నైట్రేట్, మాంగనీస్ ఆక్సైడు, ఐరన్ ఆక్సైడుల వంతు. అవీ అయిపోయాక మిగిలే పెద్ద నిల్వ సల్ఫేటే. సల్ఫేట్‌తో శ్వాసించే బ్యాక్టీరియాను 1895లో బైయరింక్ గుర్తించాడు. తీరప్రాంతపు అవక్షేపాల్లో కుళ్ళే సేంద్రియ పదార్థంలో దాదాపు సగం ఈ దారిలోనే ఖర్చవుతుందని 1982లో యోర్గెన్‌సెన్ లెక్కకట్టాడు. అంటే తీరం దగ్గర సముద్రం అడుగున జరిగే శ్వాసలో దాదాపు సగం గంధకం మీదే నడుస్తోంది. దీన్ని పట్టించుకోకుండా తీరాన్ని అర్థం చేసుకోవడం కుదరదు.

చెన్నైలోని కూవం నది ఒడ్డునా, రొయ్యల చెరువు అడుగునా బురద నల్లగా, కుళ్ళిన కోడిగుడ్ల వాసనతో ఎందుకుంటుంది?

రెండు చోట్లా కారణం ఒకటే. బ్యాక్టీరియా సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. ఆ వాసన దానిది. అది బురదలోని ఇనుముతో కలిసి ఐరన్ మోనోసల్ఫైడ్ అవుతుంది. ఆ నలుపు దీనిది. కాలం గడిచే కొద్దీ ఇందులో కొంత ఇంకో గంధకపు పరమాణువును చేర్చుకుని పైరైట్ అనే ఖనిజం అవుతుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే చిన్న చిన్న స్ఫటికాలు గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి.

రొయ్యల రైతులకు ఒక మాట. పంట తీశాక చెరువు ఎండబెట్టి, దున్ని, సున్నం చల్లడం మీరు అనుభవంతో చేస్తున్న పని. రసాయనపరంగా అది సరైనదే. గాలి తగిలితే సల్ఫైడ్ ఆక్సీకరణం చెంది ఆమ్లం పుడుతుంది, సున్నం దాన్ని చంపుతుంది. కానీ మడ అడవి కొట్టి తవ్విన చెరువైతే మట్టిలో పైరైట్ చాలా ఎక్కువ. అక్కడ ఒక విడత సున్నంతో పని జరగదు. గట్ల మీది మట్టి నుంచి ప్రతి వానకూ ఆమ్లం చెరువులోకి దిగుతూనే ఉంటుంది. గట్టు మీద పసుపురంగు చారలు, చెరువు నీటిలో తుప్పురంగు తెట్టు కనిపిస్తే అనుమానించాల్సిందే. కేరళలో కుట్టనాడు వరి రైతులు ఎప్పటి నుంచో పడుతున్న బాధ కూడా ఈ ఆమ్ల సల్ఫేట్ నేలలదే.

రిపోర్టులో “సీసం ఇన్ని పీపీఎం” అని ఉంది. ప్రమాదమా, కాదా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు అని. ఆ ఒక్క అంకె చూసి చెప్పలేను.

మొదట, పోల్చుకోవడానికి ఒక ఆధారం కావాలి. 1961లో టురేకియన్, వేడెపోల్ ప్రచురించిన పట్టికలో సగటు షేల్ రాయిలో (గట్టిపడిన బంకమట్టి) సీసం 20 పీపీఎం, రాగి 45, జింకు 95, కాడ్మియం 0.3. మనిషి చెయ్యి పడకముందే మట్టిలో ఇవన్నీ ఉన్నాయి. పైగా బంకమట్టిలో ఎక్కువ, ఇసుకలో తక్కువ. అందుకే బంకమట్టి పాళ్ళకు గుర్తుగా ఉండే అల్యూమినియంతో భాగించి చూడాలి. ఆ పని చేయకుండా “ఈ చోట కాలుష్యం రెట్టింపు” అని రాసిన రిపోర్టు చూస్తే, తేడా కాలుష్యానిదా, ఇసుక పాళ్ళదా అన్నది నాకు తేలదు.

రెండోది ఇంకా ముఖ్యం. బీరువాలో తాళం వేసిన డబ్బు, జేబులో ఉన్న డబ్బు లెక్కలో ఒకటే, ఖర్చుకు ఒకటి కాదు. లోహమూ అంతే. బంకమట్టి ఖనిజం లోపల ఇరుక్కున్న సీసం వేల ఏళ్ళు కదలదు. సల్ఫైడ్‌తో కట్టుబడ్డది ఆక్సిజన్ తగలనంత కాలం కదలదు. ఆక్సైడు పూతల మీద అంటుకున్నది ఆక్సిజన్ తగ్గగానే కదులుతుంది. రేణువుల మీద ఊరికే అంటి ఉన్నది నీటి ఉప్పదనం మారినా వదిలేస్తుంది. ఇన్నీ కలిపి ఆమ్లంలో కరిగించి ఒకే అంకె ఇస్తే ఆ తేడాలన్నీ మాయమవుతాయి. 1979లో టెస్సియర్ బృందం వరుస ద్రావణాలతో ఒక్కో భాగాన్ని విడివిడిగా లాగే పద్ధతి ఇచ్చింది. దాని మీద విమర్శలున్నాయి, సల్ఫైడ్ ఉన్న మట్టిని గాలిలో ఎండబెట్టి ఇది చేస్తే ఫలితం తప్పుతుంది కూడా. అయినా మొత్తం అంకె కంటే నయం.

సల్ఫైడ్ బురదకు ఇంకో పరీక్ష ఉంది. చల్లటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో వెంటనే విడుదలయ్యే సల్ఫైడ్ ఎన్ని మోల్స్ (బరువు కాదు, కణాల సంఖ్య లెక్క), దానితో పాటే విడుదలయ్యే కాడ్మియం, రాగి, నికెల్, సీసం, జింకు అన్నీ కలిపి ఎన్ని మోల్స్ అని చూస్తాం. సల్ఫైడ్ ఎక్కువైతే ఆ లోహాలు మట్టి కణాల మధ్య నీటిలోకి దాదాపు రావు, అడుగున బతికే జీవాలకు విషప్రభావం తక్కువ. లోహం ఎక్కువైతే అప్పుడు భయపడాలి.

ఇక అసలు చిక్కు. ఈ రక్షణ నీటి అడుగున ఉన్నంత సేపే. ఏటి ముఖద్వారంలో మేట వేసిన నల్ల బురదను తవ్వి గట్టున పోస్తే మోనోసల్ఫైడ్ గంటల్లో, రోజుల్లో ఆక్సీకరణం చెందుతుంది. పైరైట్ నెలల తరబడి. గంధకం పట్టుకున్న లోహాలు ఆమ్లంతో పాటు వదులవుతాయి, మొదటి వానకు తిరిగి ఏటిలోకి కారతాయి. వానాకాలం ముందు చెన్నైలో కాలువలు, ఏళ్ళు పూడిక తీయడం మామూలే, వరద పోవాలంటే తీయాలి కూడా. కానీ తీసిన మట్టిని ఎక్కడ పోస్తున్నారు, దానిలో సల్ఫైడ్ ఎంత, సున్నపు పదార్థం ఎంత అన్న పరీక్ష ముందు జరగాలి. అది ఖరీదైన పరీక్ష కాదు. నా వృత్తిలో నేను గట్టిగా వాదించేది ఈ ఒక్క విషయం.

చెన్నై చుట్టుపక్కల ఈ పనికి తగిన చోట్లేవి?

ఉత్తరాన ఎన్నూరు ఉప్పుటేరు, కొసస్తలైయార్ ముఖద్వారం. థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద అక్కడి నీళ్ళలో చేరడం మీద ఏళ్ళ తరబడి ఫిర్యాదులు, కేసులు నడిచాయి. 2017 జనవరిలో రెండు నౌకలు ఢీకొని, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదల్లో మరోసారి అక్కడ చమురు తెట్టు కట్టింది. బూడిదలో ఆర్సెనిక్, సెలీనియం లాంటివి ఉంటాయి, చమురు సేంద్రియ పదార్థం కాబట్టి సల్ఫేట్ శ్వాసకు మేత అవుతుంది. రెండూ ఒకే బురదలో కలిస్తే ఏమవుతుందన్నది ఒక పీహెచ్‌డీకి సరిపడే ప్రశ్న.

ఇంకా ఉత్తరానికి పోతే పులికాట్ సరస్సు. చాలా భాగం మన ఆంధ్రలోనే ఉంది. నగరం మధ్య కూవం, అడయారు నదులు. దక్షిణాన పళ్ళికరణై చిత్తడి నేల. పక్కన చెత్తకుప్ప ఉండగానే 2022లో దానికి రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు, వచ్చింది. కాకినాడ నుంచి మద్రాసు దాటి దక్షిణానికి సాగిన బకింగ్‌హామ్ కాలువ వీటిలో చాలావాటిని కలుపుతుంది. ఒకప్పుడు పడవల మీద ధాన్యం, కట్టెలు వచ్చిన దారి అది. ఇప్పుడు నగరంలో దాని అడుగు మట్టి ఒక శతాబ్దపు చరిత్ర దాచుకుంది.

నమూనా ఎలా తీస్తారు?

ప్లాస్టిక్ గొట్టాన్ని నిటారుగా బురదలోకి దింపి, పైన బిరడా బిగించి, మెల్లగా లాగుతాం. దీన్ని కోర్ అంటాం. బాగా వచ్చిన కోర్‌ను వెలుతురులో పెట్టి చూస్తే పైన పలుచని గోధుమరంగు పొర, కింద ఆకుపచ్చ బూడిద, ఆ కింద నలుపు. పొరలు చెదరకుండా, పైనున్న నీరు కలకబారకుండా వస్తేనే తీసుకుంటాం. లేకపోతే మళ్ళీ దింపాల్సిందే.

తరువాతది గాలితో పోటీ. కోసిన నల్ల ముక్కను బల్ల మీద వదిలేస్తే చూస్తుండగానే అంచుల నుంచి బూడిదరంగుకు తిరుగుతుంది. రంగు మారిందంటే సల్ఫైడ్ పోయిందన్నమాట. అందుకే నైట్రోజన్ నింపిన సంచిలో చేతులు దూర్చి, సెంటీమీటరు చొప్పున కోసి, మూత బిగించి, అక్కడికక్కడే గడ్డకట్టించాలి. మట్టి కణాల మధ్య నీటిని వేరే సూదులతో లాగి, వడకట్టి, కొంత సల్ఫైడ్ కోసం జింక్ అసిటేట్‌లో, కొంత లోహాల కోసం శుద్ధమైన నైట్రిక్ ఆమ్లంలో ఉంచుతాం. ఎండలో, పోటు ఎక్కేలోపు, పడవ ఊగుతుంటే చేయాల్సిన పని ఇది. ల్యాబ్‌లో ఎంత మంచి యంత్రం ఉన్నా ఇక్కడ పోయింది తిరిగి రాదు.

ల్యాబ్‌లో ఏం చేస్తారు?

పైరైట్‌లోని గంధకాన్ని బయటికి లాగే పద్ధతి నాకు అన్నింటికంటే ఇష్టం. ఆకుపచ్చని క్రోమియం క్లోరైడు ద్రావణాన్ని పాదరసం పూసిన జింకు గుళికల గుండా పంపితే కింద మెరిసే నీలంగా దిగుతుంది. అదే క్రోమస్ క్లోరైడు. గాలి తగిలితే మళ్ళీ పచ్చబడుతుంది కాబట్టి సిరంజితో పట్టాలి. గుండ్రటి ఫ్లాస్కులో మట్టి, నైట్రోజన్ ప్రవాహం, ఆమ్లం, ఆ నీలి ద్రావణం. మరిగిస్తే పైరైట్ విరిగి హైడ్రోజన్ సల్ఫైడ్‌గా బుడగలై, సిల్వర్ నైట్రేట్ ఉన్న గొట్టంలోకి చేరి నల్లటి సిల్వర్ సల్ఫైడ్‌గా దిగుతుంది. దాన్ని వడకట్టి తూచితే పైరైట్ ఎంతో తెలుస్తుంది, ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) కొలతకు పంపడానికీ అదే పనికొస్తుంది. 1986లో క్యాన్‌ఫీల్డ్, ఆయన సహచరులు ప్రామాణికం చేసిన పద్ధతి. ఇప్పటికీ చాలా ల్యాబుల్లో అదే.

లోహాలకు వేరే దారి. హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల్లో మట్టిని పూర్తిగా కరిగించి, అతి కొద్ది పాళ్ళలో ఉన్న మూలకాలను కూడా కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో కొలుస్తాం. ప్రతి విడతలోనూ మట్టి లేని ఖాళీ నమూనా, అంకెలు ముందే తెలిసిన ప్రామాణిక మట్టి ఉండి తీరాలి. ఆ రెండూ సరిగా రాకపోతే ఆ విడతను పారేయాలి.

ఐసోటోపులతో ఏం తెలుస్తుంది?

ప్రకృతిలో గంధకం దాదాపు 95 శాతం 32 ద్రవ్యరాశిది, 4 శాతం పైచిలుకు 34ది. బ్యాక్టీరియా తేలికదాన్నే ముందు వాడుకుంటుంది. ఇప్పటి సముద్రపు సల్ఫేట్‌లో 32తో పోల్చితే 34 పాళ్ళు, ఒక ప్రామాణిక నమూనాలో ఉన్నదాని కంటే వెయ్యికి 21 ఎక్కువ. అందులోంచి పుట్టిన పైరైట్ మైనస్ 20, మైనస్ 40 దాకా పోవచ్చు. సల్ఫేట్ సరఫరా సరిపోకపోతే బరువైనదాన్నీ వాడుకోక తప్పదు, విలువ పైకి పాకుతుంది. అంటే ఒక పైరైట్ గింజను చూసి, అది పుట్టినప్పుడు పైనున్న నీటితో దానికి దారి తెరిచి ఉందా, మూసుకుపోయిందా అని చెప్పొచ్చు. ఈ కొలతకు మొదటి ప్రమాణం అరిజోనాలో పడిన కాన్యన్ డయాబ్లో ఉల్కలోని ఐరన్ సల్ఫైడ్.

మట్టి పొర ఏ కాలానిదో ఎలా తెలుస్తుంది?

గత నూరేళ్ళకైతే రేడియోధార్మిక సీసం-210. దాని అర్ధాయువు 22 ఏళ్ళ పైచిలుకు, లోతుకు పోయే కొద్దీ తగ్గుతుంది. అణుపరీక్షల సీసియం-137 శిఖరం 1963ను సూచిస్తుంది, మన అక్షాంశాల్లో అది కొంచెం బలహీనం. ఇంకా పాత పొరలకు కార్బన్-14.

ఇది కాలుష్యం వరకేనా, భూమి చరిత్రకూ పనికొస్తుందా?

ఈ శాస్త్రంలో అతి పెద్ద ఆవిష్కరణ ఒకటి గంధకం నుంచే వచ్చింది. 2000లో ఫార్‌కర్, బావో, థీమెన్స్ పురాతన శిలల్లో గంధకపు ఐసోటోపులు మామూలు లెక్కకు లొంగడం లేదని చూపించారు. ఆ వింత గుర్తు సుమారు 240 కోట్ల ఏళ్ళ నాటి శిలల దగ్గర మాయమవుతుంది. వాతావరణంలో ఆక్సిజన్ పెరిగితే ఆ గుర్తు నిలవదు. గాలిలోకి ఆక్సిజన్ ఎప్పుడు వచ్చిందో రాళ్ళలోని గంధకం చెప్పింది.

సూక్ష్మ మూలకాల్లో మాలిబ్డినం గొప్ప సాక్షి. సముద్రపు నీటిలో అది 10 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 10) దాకా కరిగి ఉండి మామూలుగా ఎవరి జోలికీ పోదు. నీటిలో సల్ఫైడ్ పెరగగానే గంధకాన్ని చేర్చుకుని థయోమాలిబ్డేట్‌గా మారి బురదలోకి దిగిపోతుంది. యురేనియం, వెనేడియం తీరు వేరు, వాటికి సల్ఫైడ్ అక్కర్లేదు, ఆక్సిజన్ తగ్గితే చాలు. ఈ రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే పాత సముద్రంలో ఆక్సిజన్ లేదా, లేకపోవడంతో పాటు సల్ఫైడ్ కూడా ఉందా అని విడదీయొచ్చు.

మన తెలుగు నేల మీద దీనికి పనుందా?

బోలెడు. కడప బేసిన్‌లో మంగంపేట బెరైటు, అంటే బేరియం సల్ఫేట్, ప్రపంచంలోని అతి పెద్ద నిక్షేపాల్లో ఒకటి. తుమ్మలపల్లె యురేనియం సున్నపు శిలల్లో ఉంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక తవ్వినప్పుడు గ్యాస్ హైడ్రేట్లు, అంటే మంచులాంటి పదార్థంలో చిక్కుకున్న మీథేన్, దొరికాయి. అక్కడ పైనుంచి దిగే సల్ఫేట్, కింది నుంచి ఎగసే మీథేన్ ఒక లోతులో కలిసి ఒకదాన్నొకటి ఖర్చు చేసుకుంటాయి. ఆ లోతు ఎంత తక్కువైతే కింది నుంచి మీథేన్ అంత జోరుగా వస్తోందని అంచనా. కొల్లేరు, కోరింగ మడ అడవులు, నెల్లూరు తీరం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఏం చదవాలి? కెమిస్ట్రీ వాళ్ళు రావచ్చా?

ఇంటర్‌లో ఎంపీసీ అయినా బైపీసీ అయినా కెమిస్ట్రీ బాగా రావాలి. బీఎస్సీ జియాలజీ లేదా కెమిస్ట్రీ, ఆపై ఎమ్మెస్సీ జియాలజీ, అప్లయిడ్ జియాలజీ, మెరైన్ జియాలజీ. ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో జియాలజీ ఉంది. చెన్నైలో మద్రాసు విశ్వవిద్యాలయం గిండీ క్యాంపస్, అన్నా విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ ప్రవేశ పరీక్ష రాయాలి. పరిశోధనకు సీఎస్ఐఆర్-నెట్‌లో భూ, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాల పేపరు గానీ, గేట్ గానీ.

కెమిస్ట్రీ నుంచి వచ్చినవాళ్ళు ల్యాబ్‌లో తొందరగా అందుకుంటారు. ఫీల్డ్‌లో మట్టిని చదవడం మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. జియాలజీ వాళ్ళకు ఇది తిరగబడుతుంది. ఈ రెండిటికీ తోడు గణాంక శాస్త్రం, ఆర్ లేదా పైథాన్ కొంచెం రాకపోతే ఇప్పుడు కష్టం.

ఫెలోషిప్ ఎంత? తరువాత ఉద్యోగాలున్నాయా?

2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తరువాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్) 42,000, దానికి ఇంటి అద్దె అదనం. చెన్నైలో ఇద్దరు కలిసి అద్దెకుంటే సరిపోతుంది. పీహెచ్‌డీకి ఐదేళ్ళు వేసుకోండి, ఆ తరువాత ఒకటో రెండో పోస్ట్‌డాక్‌లు.

ఉద్యోగాలకు హైదరాబాదులో ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్. గోవాలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, విశాఖలో దాని ప్రాంతీయ కేంద్రం. చెన్నై పళ్ళికరణైలో జాతీయ తీర పరిశోధన కేంద్రం. యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్షతో జీఎస్ఐలో (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) జియాలజిస్ట్, కెమిస్ట్ పోస్టులున్నాయి. శాశ్వత పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, కాంట్రాక్టు మీద ఏళ్ళు గడిచిపోతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇది తెలుసుకునే రండి. ఐసీపీ-ఎంఎస్ స్వయంగా నడిపి, బాగుచేయగలిగినవాళ్ళకు మాత్రం ఔషధ, ఆహార పరీక్షల ల్యాబుల్లోనూ గిరాకీ ఉంది.

మా అమ్మాయిని ఫీల్డ్‌వర్క్‌కు పంపొచ్చా?

పంపండి. అమ్మగార్లే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది కాబట్టి వివరంగా చెబుతాను. పడవ మీద లైఫ్‌జాకెట్, తెలిసిన పడవాయన, చీకటి పడేలోపు ఒడ్డుకు చేరడం, ఒంటరిగా వెళ్ళకపోవడం మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఒకే నియమాలు. బాత్రూము, బట్టలు మార్చుకునే చోటు ముందే చూసిపెట్టడం బృందం నడిపేవాళ్ళ బాధ్యత. చేరే ముందు గైడ్‌ను ఈ విషయాలు సూటిగా అడగండి. విసుక్కునే గైడ్ అయితే ఇంకొకరిని చూసుకోండి.

ఆరోగ్యానికి ప్రమాదమేమైనా ఉందా?

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం దగ్గర అజాగ్రత్త అస్సలు కుదరదు. చర్మం మీద పడితే మొదట నొప్పి తెలియకపోవచ్చు, లోపలికి దిగి కాల్షియాన్ని లాగేస్తుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో లేని ల్యాబ్‌లో ఆ సీసా తెరవొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం ఆగిపోతుంది. కాబట్టి వాసన పోయింది కదా అని నమ్మకండి, విషవాయువులను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌ను నమ్మండి.

తమిళం రాకపోతే ఇబ్బందా?

విశ్వవిద్యాలయంలో ఉండదు. జాలరులతో పనిచేయాలంటే నేర్చుకోవాలి. ఏ మలుపులో ఎప్పటి నుంచి మేట వేస్తోందో, ఏ ఏడు చేపలు తేలాయో మన కోర్ కంటే ముందు వాళ్ళు చెబుతారు. పులికాట్‌లో ఆంధ్ర వైపు గ్రామాల్లో తెలుగే చాలు.

మా చెరువు మట్టి పంపిస్తే పరీక్షిస్తారా?

ముందు మీ జిల్లాలో ఉన్న మత్స్యశాఖ లేదా వ్యవసాయ పరీక్షా కేంద్రాన్ని అడగండి. పీహెచ్, సేంద్రియ కార్బన్ లాంటివి అక్కడే అవుతాయి. సల్ఫైడ్ కొలవాలంటే మాత్రం ఎలా తీశారన్నదే ముఖ్యం. డాబా మీద ఎండబెట్టి కవర్లో వేసి పంపిన మట్టితో ఏమీ చేయలేం. నీటి అడుగున ఉన్న నల్ల మట్టిని వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసాలో గాలి మిగలకుండా అంచుదాకా నింపి, మూత బిగించి, టేపు చుట్టి, వెంటనే డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకడితే ఉబ్బుతుంది కాబట్టి గాజు సీసా వద్దు. సీసా మీద తేదీ, చోటు, ఎంత లోతు నుంచి తీశారు, ఆ రోజు నీటి ఉప్పదనం, ఆఖరిసారి సున్నం ఎప్పుడు చల్లారు అన్నవి పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా తడికి చెరిగిపోతుంది.